నీలిమందక్క

మందిరంలో చివరి బల్ల మీద కూర్చునేవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. అందుకే ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. గురువారం సాయంత్రం సంఘం కమిటీ కూడినప్పుడు కూడా అక్కడే, తలుపు పక్కన, చేతులు ఒళ్లో సంచి కింద దాచుకుని కూర్చుంది. ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకునేవాళ్లు తొడుక్కునే తెల్ల అంగీలు ఉతికేది ఆమె కాబట్టి రమ్మని కబురు వచ్చింది. లేకపోతే కమిటీతో ఆమెకేం పని?

కమిటీ అంటే ఆరుగురు. మధ్యలో పాస్టరు అయ్యగారు. ఆయనకి కుడివైపు సంఘపెద్ద. సంఘపెద్ద రంగుల మిల్లులో మేస్త్రీ. ఆమెకి బావగారు, భర్తకి తోడబుట్టిన అన్న. ఎడమవైపు చివర, పాఠాలు చెప్పడం మానేసి పదేళ్లయినా అందరూ ఇంకా టీచరమ్మ అనే పిలిచే ముసలావిడ. మిగిలిన ముగ్గురూ గాలి ఎటు వీస్తే అటు తలాడించే మనుషులు.

ఆ రోజు మాట్లాడవలసిన సంగతి ఒకటే. ఆదివారం అతిథులు వస్తున్నారు. దేశదేశాల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య ఒకటి ఉంది. ఎక్కడెక్కడ ఏర్లు పాడవుతున్నాయో, వాటి ఒడ్డున బతికే బీదవాళ్ల గతి ఏమవుతోందో చూసి ఆ సమాఖ్య వాళ్లు ఒక జాబితా రాస్తున్నారు. జాబితాలోకి ఎక్కిన ఏటి గురించి, అక్కడి మిల్లు బట్ట కొనే పెద్ద పెద్ద దుకాణాలకి ఉత్తరాలు వెళతాయి. మురుగునీరు శుద్ధిచేసే యంత్రం పెట్టేదాకా ఆ బట్ట కొనవద్దని. అలా రెండు చోట్ల యంత్రాలు వచ్చాయని టీచరమ్మ చెప్పింది. వాళ్లకి ఉత్తరం రాసి రమ్మన్నది ఆవిడే. ఎవరితోనూ చెప్పకుండా రాసిందని బావగారి కోపం.

బావగారు గొంతు పెంచే మనిషి కాదు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు. ఈ మందిరంలో ఉన్న బల్లల్లో మూడింట రెండు వంతులు మిల్లు కూటితోనే నిండుతున్నాయని అన్నాడు. ఆరు నెలలు బట్ట అమ్ముడుపోకపోతే ఎవరి పొయ్యి వెలుగుతుందో లెక్కవేయమన్నాడు. అతిథులు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, విమానం ఎక్కుతారు, మనం ఇక్కడే ఉంటాం అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆమె చివరి బల్ల మీద కూర్చుని తనకి తెలియకుండానే తలాడించింది.

టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏటి సంగతి తను చెప్పనక్కరలేదు అంది.

"మన అంగీలు చెప్తాయి. తెల్లగా దిగుతున్నాయి, నీలంగా పైకొస్తున్నాయి. రెండేళ్లుగా చూస్తున్నాం."

తలాడించే ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. "అది మిల్లు నీలం కాదు టీచరమ్మా. మా నీలిమందక్క నీలం. తడిస్తే తేలుతుంది."

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా.

ఆ పేరు ఆమెకి రెండేళ్ల కింద వచ్చింది. తెల్లబట్ట ఉతికేవాళ్లందరికీ తెలిసిన కిటుకు ఒకటి ఉంది. ఆఖరి నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపితే తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుంది. చెయ్యి జారితే బట్ట నీలమై కూర్చుంటుంది. రెండేళ్ల కింద మొదటిసారి అంగీలు నీలంగా తీగ మీద వేలాడుతుంటే అయ్యగారు అటుగా వచ్చి, ఇదేమిటమ్మా అని అడిగారు. ఏటి నీళ్లు అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ నీళ్లలోకి రంగు వదిలే మిల్లు తొట్టి దగ్గర పనిచేసేది తన భర్త. ఆ పని ఇప్పించింది బావగారు. నీలిమందు ఎక్కువ పడిందయ్యా అంది. అంతే. మాట బయటికి పోయింది, పేరై తిరిగొచ్చింది.

ఇప్పుడు అయ్యగారు నవ్వు ఆపి ఆమె వైపు తిరిగారు. ఆరుగురిలో ఐదుగురు తిరిగారు. బావగారు మాత్రం తిరగలేదు. ఎదురుగా గోడ మీద గడియారం చూస్తున్నాడు.

"ఏమ్మా, నువ్వే చెప్పు. నీలిమందేనా?"

సంచి కింద ఆమె వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి ఉంది. చుర్రుమంది.

"అవునయ్యా. నీలిమందే."

టీచరమ్మ ఆమె వైపు చూసింది. తిట్టినట్టు కాదు, పాఠం బాగా వచ్చిన పిల్ల పరీక్షలో తప్పు రాస్తే చూసినట్టు చూసి, కలం మూత పెట్టేసింది. తర్వాత అన్నీ చకచకా తేలిపోయాయి. ఆదివారం అతిథుల ఎదుటే పదకొండు మందికి బాప్తిస్మం ఇవ్వాలి. అంగీలు మల్లెపువ్వుల్లా ఉండాలి. పదకొండు మందిలో ఆమె కూతురు కూడా ఉంది.

*

మందిరం వెనక రేకుల పంచ కింద ఉతికే చోటు. రెండు సిమెంటు తొట్లు, నీళ్లు మరిగించే పెద్ద అండా, కుళాయి. శుక్రవారం పొద్దున్నే ఆమె చెక్కపెట్టె తెరిచింది. పోయినసారి బాప్తిస్మం అయ్యాక చేతులు పుండ్లై ఉండడంతో అంగీలని కుళాయి నీళ్లలో జాడించి, ఆరబెట్టి, అలాగే మడిచి పెట్టేసింది. ఆరు వారాలకి రంగు బాగా పట్టుకుపోయింది.

ఒక అంగీ విప్పి వెలుతురుకి ఎత్తి చూసింది. నీలిమందు నీలం వేరు. అది లేతగా, సమంగా, తెల్లవారిన ఆకాశంలా ఉంటుంది. నీళ్లు తగిలితే వదిలిపోతుంది. ఇది దెబ్బ తగిలి కమిలిన చోటులా ఉంది. కుట్ల దగ్గర నల్లగా, మిగతా చోట్ల ఆకుపచ్చ కలిసి. సబ్బు పెడితే నురగ మాసింది గానీ రంగు కదల్లేదు. ఈ తేడా చిన్నపిల్లకి చూపించినా తెలుస్తుంది. చూపించలేదు కాబట్టే ఎవరికీ తెలియలేదు. ప్రతిసారీ ఎవరూ దగ్గరగా చూడకముందే తెల్లగా చేసి పెట్టింది తనే.

బ్లీచింగు పొడి చన్నీళ్లలో కలిపి, పొడి అడుక్కి దిగేదాకా ఆగి, పైతేట మాత్రమే తొట్టిలోకి వంచింది. పొడి రేణువు ఒక్కటి బట్ట మీద పడినా అక్కడ చిల్లే. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడిగి మణికట్టు దగ్గర దారంతో కట్టుకుంది. కర్రతో తిప్పింది. కళ్లు మండాయి. తొట్టిలోంచి తీసి, సోడా వేసి మరిగించి, మూడు నీళ్లు మార్చి జాడించాలి. ఒక్కో అంగీకీ అంతే. ఎంత గట్టిగా కట్టినా సంచుల్లోకి నీళ్లు దిగుతాయి. మధ్యాహ్నానికి నాలుగు అంగీలయ్యాయి.

బడి నుంచి కూతురు నేరుగా అక్కడికే వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, ఏడాదిలో జానెడు పెరిగింది. పుస్తకాల సంచి మేకుకి తగిలించి, తీగ మీద ఆరుతున్న అంగీల కింద వరసగా నిలబడి కొలుచుకుంది.

"నాకు పొడుగుది తీసిపెట్టమ్మా. పొట్టిదైతే మోకాళ్లు కనబడతాయి. బాప్తిస్మం నాకు కాదు, నా మోకాళ్లకి అనుకుంటారు."

ఆమె నవ్వింది. పిల్ల తొట్టిలో చెయ్యి పెట్టబోతే కర్రతో అడ్డుకుంది. పిల్ల పక్కనే రాయి మీద కూర్చుని, అయ్యగారు బాప్తిస్మం తరగతిలో ఏం చెప్పారో చెప్పుకుంటూ పోయింది. మునిగేటప్పుడు భయపడకూడదట. కాళ్లు వదులుగా పెట్టాలట. పోయినసారి మునిగిన రొట్టెలకొట్టు వాళ్లమ్మాయికి ఎనిమిది రోజులు కళ్లు తెరుచుకోలేదు కదా, ఆ పిల్ల తనకో జాగ్రత్త చెప్పిందట.

"కళ్లు గట్టిగా మూసుకోమంది. నోరు కూడా. మరి చెవులేం చేసుకోవాలమ్మా?"

పిల్ల వేళాకోళంగానే అడిగింది. ఆమె కర్ర తిప్పడం ఆపి, కుళాయి కట్టేయడానికి లేచింది.

సాయంత్రానికి ఆరు అంగీలు తెల్లబడ్డాయి. ఇంటికి వెళ్లేసరికి భర్త బల్ల దగ్గర కూర్చుని గోళ్లు గీక్కుంటున్నాడు. తొట్టి పనివాళ్ల గోళ్లు ఎప్పటికీ తెల్లబడవు. అయినా రోజూ అన్నానికి ముందు ఒకసారి గీక్కుంటాడు. ముఖం తేలిగ్గా ఉంది. అన్నయ్య మొత్తానికి ఉపాయం చూశాడని చెప్పాడు. ఈ రాత్రి నుంచే మిల్లు తూము మూసేస్తారు. రెండు రోజుల రంగునీళ్లు వెనక గుంటలో నిలవ ఉంచుతారు. సోమవారం తెల్లారేసరికి వదిలేస్తారు.

"ఈ వారం ఏటికి కూడా ఆదివారం సెలవు" అన్నాడు.

ఆమె కంచం పెట్టి నిలబడింది. రెండు రోజులవి ఒక్కసారే వదిలితే ఎలా అని అడిగింది. రోజూ వదిలేవే కదా అన్నాడు. తర్వాత ఆమె చేతులు చూసి గొంతు తగ్గించాడు.

"మన పిల్ల దిగేది ఆదివారమే కదా. తేట నీళ్లలో దిగుతుంది. నువ్వు దానికి సంతోషించు."

సంతోషించింది. నిజంగానే గుండె మీంచి రాయి దింపినట్టయింది. చెవుల సంగతి ఏం చెప్పాలా అని పొద్దుపోయేదాకా ఆలోచించక్కరలేదు. మిగతా ఐదు అంగీలూ రేపు మధ్యాహ్నానికి అయిపోతాయి. చేతులకి కొబ్బరినూనె రాసుకుని పడుకుంది.

*

శనివారం పనిలోకి దిగేముందు ఏటి వైపు వెళ్లింది. తేట పడ్డాయో లేదో కళ్లతో చూసుకుందామని.

పడ్డాయి. రేవు దగ్గర నీళ్లు గాజులా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు, ఒక విరిగిన పళ్లెం ముక్క, తన నీడ, అన్నీ కనబడుతున్నాయి. ఇంత లోతు తక్కువా ఈ ఏరు అనుకుంది. అడుగు కనబడక ఇన్నాళ్లూ చాలా లోతనుకుంది. ఒడ్డున నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఊరికే నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె చంకలో నాలుగేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్ల నీళ్ల వైపు చూసి తల్లి మెడ గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నీళ్లు వెలిసిపోయాయి. నీళ్లకేమైంది?"

తల్లి ఏమీ కాలేదు, బాగానే ఉన్నాయి అని ఎంత చెప్పినా ఆ పిల్ల దిగనంది. ఏడుపు మొదలుపెట్టింది. ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేకపోయింది. వెలిసిపోవడం అనేది తన మాట. బట్టకి వాడే మాట. రంగు ఉండాల్సిన చోట పోతే అంటారు. ఈ పిల్ల లెక్కలో ఏటికి ఉండాల్సిందే నీలం. ఊహ తెలిసిన దగ్గర నుంచి చూసింది అదే.

కాస్త ఎగువన టీచరమ్మ చెప్పులు విడిచి, చీలమండల లోతులో వంగి నిలబడింది. చేతిలో గాజు సీసా. పక్కన రాయి మీద ఇంకో రెండు. ఆమెని చూసి సీసా ఎత్తి చూపించింది. లోపల నీళ్లు ఉన్నాయో లేదో తెలియనంత తేటగా ఉన్నాయి. అతిథులకి చూపించడానికి పట్టాలంటే ఒక్కరోజు ముందు రావాల్సింది, ముసలిదాన్నయిపోయాను అంది టీచరమ్మ. తర్వాత సీసా వంపేస్తూ, తల తిప్పకుండా అడిగింది.

"అంగీలు ఉతికేశావా?"

ఆరయ్యాయి అంది ఆమె. టీచరమ్మ ఇంకేమీ అడగలేదు. ఎన్ని మిగిలాయని కూడా అడగలేదు. ఆవిడ అడిగి ఉంటే బాగుండేది. అడిగితే ఏదో ఒక జవాబు చెప్పి వదిలించుకోవచ్చు. అడగని ప్రశ్న దారి పొడుగునా వెంట వచ్చింది.

పంచ కిందికి వచ్చి అండా కింద మంట వేసింది. మిగిలిన ఐదు అంగీలూ పెట్టెలోంచి తీసి బండ మీద పడేసింది. పెట్టె అడుగున అయ్యగారి నిలువుటంగీ ఉంది. పోయినసారి జాడించిన వాటిలో అది కూడా ఉన్నట్టు ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది. దులిపి, భుజాల దగ్గర పట్టుకుని చాపింది.

మెడ దగ్గర తెల్లగా ఉంది. ఛాతీ తెల్లగా ఉంది. నడుము దగ్గర ఒక గీత. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు కాదు, నీళ్లు కదిలినట్టు కాస్త ఎగుడు దిగుడుగా. గీత కింద నుంచి అంచు దాకా ఆ కమిలిన నీలం. చేతులు మాత్రం అంచు నుంచి మోచేతుల దాకా నీలం, పైన తెలుపు.

ఆమె దాన్ని అంచు పాదాలకి తాకేలా తన ఒంటికి ఆనించి చూసుకుంది. అయ్యగారు పొడగరి. గీత ఆమెకి ఛాతీ దాకా వచ్చింది. ఆయన నీళ్లలో నిలబడి ఉంటారు, మునగరు. ఒక చెయ్యి మునిగేవాళ్ల వీపు కింద, ఒక చెయ్యి వాళ్ల చేతుల మీద. ఎంత లోతులో నిలబడ్డారో అంత. ఎంత చెయ్యి ముంచారో అంత.

నీలిమందు తొట్టిలో బట్టని ముక్కలు ముక్కలుగా ఎవరూ ముంచరు. ముంచితే మొత్తం ముంచుతారు. పట్టితే మెడ నుంచి అంచు దాకా పట్టాలి. ఈ సంగతి బట్ట ఉతికిన ఏ మనిషికైనా తెలుసు, ఉతకని మనిషి కూడా ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలుస్తుంది. రెండేళ్లలో ఎన్నిసార్లు ఈ అంగీ తన చేతుల్లోంచి పోయిందో. గీత కనబడగానే బ్లీచింగులో వేసేసేది. మరకని చూసే కళ్లకి మరక పోవడమే కనబడుతుంది.

అండాలో నీళ్లు మరగడం మొదలయ్యాయి. ఆమె కర్ర పట్టుకుని నిలబడింది. తలలో రెండు గొంతులు లేవు, ఒకే గొంతు, అది భర్తది. మన పిల్ల తేట నీళ్లలో దిగుతుంది, నువ్వు దానికి సంతోషించు. ఆ గొంతు చెప్పేది నిజమే. కూతురు రేపు దిగుతుంది, ఒళ్లు తుడుచుకుని బయటికి వస్తుంది. సోమవారం నుంచి మళ్లీ అదే ఏరు దాటి బడికి వెళుతుంది.

నేల మీద చెప్పుల చప్పుడైంది. బావగారు. పంచ లోపలికి రాలేదు. స్తంభం పక్కన ఆగి, ఆమె వైపు కాకుండా తీగ మీద అంగీల వైపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకున్నది లేదు. ఆమె చేతిలోని నిలువుటంగీని చప్పున మడిచి ఐదింటి మీద పెట్టింది.

ఆరే కనబడుతున్నాయి, మిగతావి అవుతాయా అని ఆయన తీగని అడిగాడు. రేపటికి సిద్ధంగా ఉంటాయని ఆమె బండతో చెప్పింది. ఆయన వెళ్లలేదు. తమ్ముణ్ణి తొట్టి దగ్గర నుంచి మార్పించి గిడ్డంగిలో వేయిద్దామనుకుంటున్నానని, వచ్చే నెలలో చోటు ఖాళీ అవుతోందని చెప్పాడు. అక్కడ రంగు ముట్టుకునే పని ఉండదన్నాడు.

"వాడి సంగతి నేను చూసుకుంటానమ్మా. నువ్వు అంగీలు చూసుకో."

ఆ మాటలో కోపం లేదు. బెదిరింపు కూడా ఉందో లేదో చెప్పడం కష్టం. తమ్ముడి మీద ఆయనకున్న ప్రేమ అబద్ధం కాదు. ఆయన వెళ్లిపోయాక నిలువుటంగీ మళ్లీ విప్పి గీత చూసింది.

తర్వాత పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగింది. నీళ్లు చల్లింది. పొగ పంచంతా కమ్మింది. బ్లీచింగు డబ్బా మూత బిగించి అటక మీద పెట్టింది. ఐదు అంగీలకీ, నిలువుటంగీకీ గంజి పెట్టింది, తెల్లవాటికి ఎంత శ్రద్ధగా పెడుతుందో అంత శ్రద్ధగా. ఇస్త్రీ చేసేటప్పుడు నడుము దగ్గర గీత మీద పెట్టెని రెండుసార్లు నడిపింది. ముడత లేకుండా.

*

ఆదివారం ఆమె అందరికన్నా ముందు మందిరానికి వచ్చింది. పక్కగదిలో పొడుగుబల్ల మీద అంగీలు పరిచింది. ఆరు తెల్లవి ఒక వరస. ఐదు నీలం ఒక వరస. నిలువుటంగీ మేకుకి తగిలించి, మడత విప్పి వదిలింది. మూలనున్న స్టూలు మీద కూర్చోబోయి, కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే ఉంది.

మందిరం నిండింది. తలుపు సందులోంచి అతిథులు కనబడ్డారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన. ముందు వరసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేసి పట్టుకున్నారు. పొద్దున్నే ఏటి దగ్గరికి వెళ్లొచ్చారట. చాలా అందంగా ఉందని ముసలాయన అన్నాడట. టీచరమ్మ వాళ్ల వెనక వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఓడిపోయిన మనిషిలా ఉంది. పదకొండు మంది పిల్లలూ పెద్దలూ వరండాలో వరస కట్టారు. పొడుగ్గా తన కూతురు.

పాట మొదలైంది. మొదటి చరణం కాగానే అయ్యగారు పక్కగదిలోకి వచ్చారు, వెనకే బావగారు. ఇద్దరూ బల్ల చూసి ఆగిపోయారు.

ముందుగా తేరుకున్నది బావగారు. తలుపు దగ్గరికి వేశాడు. ఆరు మంచివి ఉన్నాయి కాబట్టి ఆరుగురికి ముందు ఇచ్చి, తడివే పిండి మిగతావాళ్లకి తొడిగిద్దామన్నాడు. నీలిమందు సంగతి అందరికీ తెలిసిందే, అతిథులకి తను నవ్వుతూ చెప్తానన్నాడు. అయ్యగారు ఆమె వైపు చూశారు. ఆ ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది.

"ఈ రోజు కూడానా అమ్మా? కాస్త చూసి వేసుకోకూడదూ నీలిమందు?"

చివరి బల్ల ఇక్కడ లేదు. వెనక గోడే ఉంది.

"నీలిమందు కాదయ్యా" అంది. బయటి పాటలో ఆ మాట కలిసిపోయింది. మళ్లీ అంది. "ఎప్పుడూ కాదు. రెండేళ్లుగా నేను అబద్ధం చెప్తున్నాను. గురువారం కూడా చెప్పాను."

బావగారు ఏదో అనబోయాడు. అయ్యగారు చెయ్యెత్తారు. బయట రెండో చరణం నడుస్తోంది.

ఆమె మేకు నుంచి నిలువుటంగీ తీసి రెండు చేతుల మీద పెట్టి చాపింది. ఒక్కసారి తొడుక్కుని చూడండయ్యా అంది. ఆయన అది ఎందుకో అడగలేదు. ప్రతి బాప్తిస్మానికీ తొడుక్కునే అలవాటే కాబోలు, తల దూర్చి, చేతులు దూర్చి, కిందికి లాగుకున్నారు. నడికట్టు కోసం చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగింది.

గీత సరిగ్గా అక్కడే ఉంది.

"నీలిమందైతే మెడ నుంచి అంచు దాకా పట్టాలయ్యా" అంది ఆమె. "మీరు ఎంత లోతులో నిలబడ్డారో అంతే పట్టింది. చేతులు చూసుకోండి."

ఆయన చేతులు చూసుకున్నారు. మోచేతుల దాకా నీలం. నెమ్మదిగా, తనకి తెలియకుండానే, కుడిచెయ్యి కింద పెట్టి ఎడమచెయ్యి దాని మీద వంచారు. మనిషిని నీళ్లలోకి వంచేటప్పుడు పట్టుకునే పట్టు. ఖాళీ చేతుల మధ్యకి చూస్తూ అలాగే ఉండిపోయారు.

"రొట్టెలకొట్టు వాళ్లమ్మాయిని నేను రెండుసార్లు ముంచాను" అన్నారు. "మొదటిసారి సరిగ్గా మునగలేదని."

"అయ్యా, అది విప్పేయండి" అన్నాడు బావగారు మెల్లగా. "మామూలు చొక్కాతో వెళ్లినా ఎవరూ ఏమనుకోరు. మూడో చరణం అయిపోతోంది."

అయ్యగారు ఆయన వైపు తిరిగారు. "ఈ రోజు నీళ్లు తేటగా ఉన్నాయి. రేపెలా ఉంటాయి?"

బావగారు మిల్లులో ఇన్నేళ్లు మేస్త్రీ, సంఘంలో ఇన్నేళ్లు పెద్ద. ఒక్క అబద్ధం చెప్తే సరిపోయేది. దేనికో చెప్పలేకపోయాడు. అయ్యగారు నడికట్టు తీసుకుని, గీత మీద కాకుండా దానికి కాస్త పైన కట్టుకున్నారు, గీత కనబడేలా. ఈ రోజు ఎవరూ నీళ్లలోకి దిగరని వరండాలో పిల్లలకి చెప్పమని ఆమెకి చెప్పి, తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

గదిలో ఇద్దరే మిగిలారు. బావగారు బల్ల మీది నీలం అంగీ ఒకటి అంచు పట్టుకుని వదిలేశాడు. అప్పుడు, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, ఆమె ముఖంలోకి చూశాడు.

"వాడి గురించి ఆలోచించావా?"

"ఆలోచించాను బావగారూ. రోజూ ఆయన గోళ్లు చూస్తూనే ఉన్నాను."

బయట పాట ఆఖరి చరణంలోకి వచ్చింది. అయ్యగారు వేదిక దగ్గరికి చేరి ఉంటారు. ముందు వరసల్లో పాట ఆగిపోయింది. తర్వాత వాళ్ల వెనక వరస. తర్వాత ఆ వెనక. వరస వరసకీ గొంతులు రాలిపోతున్నాయి. బాగా వెనకున్న వాళ్లకి మాత్రం ముందు తలలు అడ్డమై ఇంకా ఏమీ కనబడలేదు. వాళ్లలో ఎప్పుడూ తాళానికి కాస్త వెనకపడే గొంతు ఒకటి ఉంది. అది తన భర్తదని ఆమె గుర్తుపట్టింది. అది ఇంకా పాడుతూనే ఉంది.